పంతొమ్మిదేళ్ళకే పార్లమెంటుకి

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకి, పిల్లలందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న పని. మీలో 19 ఏళ్ళు నిండినవాళ్ళు చేతులెత్తండి. సగానికి పైగానే ఉన్నారు, సంతోషం. దించండి. ఇప్పుడు లోక్‌సభకి పోటీ చెయ్యడానికి అర్హత ఉన్నవాళ్ళు ఎత్తండి. వెనకాల ఒక్క చెయ్యే కనిపిస్తోంది, అది కూడా మీ లెక్చరర్ గారిది.

మన రాజ్యాంగం ప్రకారం లోక్‌సభకైనా అసెంబ్లీకైనా 25 నిండాలి. సర్పంచి కావడానికి 21 చాలు. ఓటు మాత్రం 18కే. ఓటు వయసు మొదట 21 ఉండేది, 61వ సవరణతో 18కి దించారు. ఆ సవరణ పుణ్యాన 1989 ఎన్నికల్లో నేను 20 ఏళ్ళకే మొదటి ఓటు వేశాను. వేలికి సిరా పెట్టించుకుని రెండు రోజులు ఊరంతా చూపించుకు తిరిగాను. అప్పుడు ఓటు వయసు దిగింది గాని, పోటీ వయసు ఉన్నచోటే ఉండిపోయింది.

ఒకప్పుడు జర్మనీలోనూ పోటీకి 25 ఏళ్ళే. 1970లో దాన్ని మేజారిటీ వయసుకి, అంటే చట్టం దృష్టిలో పెద్దవాళ్ళయ్యే వయసుకి, ముడిపెట్టారు. అప్పట్లో అది 21. 1975 నుంచి మేజారిటీ వయసే 18 కావడంతో పోటీ వయసూ దానితో పాటే దిగింది. ఈ చిన్న మార్పు లేకపోతే నేనివాళ చెప్పబోయే మనిషి కథే లేదు.

ఆమె పేరు ఆనా ల్యూర్మన్. కొన్నిచోట్ల అన్నా అని రాస్తారు. అక్కని పట్టుకుని అన్నా అనడమెందుకని నేను ఆనా అంటున్నాను. పుట్టింది 1983 జూన్‌లో, పెరిగింది హెస్సె రాష్ట్రంలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న హోఫ్‌హైమ్ అనే చిన్న పట్టణంలో. బడిలో ఉండగానే పర్యావరణ ఉద్యమంలోకి, అటునుంచి గ్రీన్ పార్టీ యువజన విభాగంలోకి వచ్చింది. 2002లో బడి చివరి పరీక్ష, అంటే మన ఇంటర్ లాంటిది, పాసైంది. అదే ఏడాది సెప్టెంబర్ 22న జరిగిన ఎన్నికల్లో బుండెస్‌టాగ్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటు దిగువ సభకి, ఎన్నికైంది. అప్పటికి ఆమెకి 19 ఏళ్ళు. ఆ సభ చరిత్రలో అంత చిన్న వయసులో వచ్చినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. అప్పట్లో ప్రపంచం మొత్తానికి అతి పిన్న వయసు పార్లమెంటు సభ్యురాలని పత్రికలు రాశాయి.

ఇంత చెప్పాక మీలో ఎవరికైనా ముందు తట్టే ప్రశ్న ఒకటే: డబ్బెవరు పెట్టారు? తండ్రి ఎమ్మెల్యేనా?

కాదు. దీనికి జవాబు వాళ్ళ బ్యాలెట్ కాగితంలో ఉంది. నమూనా ఒకటి ప్రింటు తీయించి తెచ్చాను, ముందు వరస నుంచి వెనక్కి పంపండి. కాగితం మీద రెండు వరసలున్నాయి చూడండి. ఎడమది నల్ల అక్షరాల్లో ఉంటుంది. అది మొదటి ఓటు, నియోజకవర్గంలో అభ్యర్థికి వేసేది, మనం వేసే ఓటు లాంటిదే. కుడిది నీలం. అది రెండో ఓటు, పార్టీకి వేసేది. సభలో ఏ పార్టీకి ఎంత వాటా అన్నది తేల్చేది ఈ నీలం ఓటే. దేశం మొత్తం మీద 5 శాతం దాటిన పార్టీకి ఓట్ల నిష్పత్తిలో సీట్లొస్తాయి. రాష్ట్రాలవారీగా పార్టీ ముందే ఇచ్చిన జాబితాలో పైనుంచి కిందికి ఆ సీట్లు నింపుకుంటూ వస్తారు.

కాబట్టి అసలు పోరు ఓటర్ల ముందుకంటే ముందు పార్టీ లోపలే జరుగుతుంది. రాష్ట్ర మహాసభలో పార్టీ ప్రతినిధుల ముందు నిలబడి మాట్లాడి, ఓటింగులో నెగ్గి, జాబితాలో పైన చోటు తెచ్చుకోవాలి. గ్రీన్ పార్టీలో ఇంకో నియమం కూడా ఉంది: జాబితాలో బేసి సంఖ్య స్థానాలు, అంటే ఒకటి, మూడు, అయిదు, ఇవన్నీ స్త్రీలకే. ఇంటింటికీ పంచే డబ్బు అక్కర్లేదు. మహాసభలో మాట్లాడే దమ్ము కావాలి. అలాగని జాబితా పద్ధతి మంచిదని నేననను. జాబితా రాసే చెయ్యి ఒక్కడిదే అయితే అది మన టికెట్ల పంపకంకన్నా అన్యాయంగా తయారవుతుంది. అక్కడ సభ్యులు ఓటేసి జాబితా కడతారు కాబట్టి నడుస్తోంది.

ఆ పార్టీ గురించి కూడా కాస్త చెప్పాలి. గ్రీన్స్ మొదటిసారి బుండెస్‌టాగ్‌లో అడుగుపెట్టింది 1983 మార్చిలో, 5.6 శాతం ఓట్లతో. అంటే పార్టీ సభలోకొచ్చిన ఏడాదే ఈమె పుట్టింది. సూట్లు, టైల సభలోకి వాళ్ళు స్వెట్టర్లేసుకుని, పూలు, మొక్కలు పట్టుకుని నడిచొచ్చారు. రెండేళ్ళకి హెస్సెలో యోష్కా ఫిషర్ ఆ పార్టీ తరఫున మొదటి రాష్ట్ర మంత్రిగా ప్రమాణం చేశాడు. శాఖ పర్యావరణం, కాళ్ళకి తెల్ల స్పోర్ట్స్ బూట్లు. ఆ బూట్లిప్పుడు ఓఫెన్‌బాఖ్‌లోని తోలు మ్యూజియంలో ఉన్నాయి!

ఇదంతా ముచ్చటగా వినిపిస్తుంది గాని ఆ ఉద్యమంలో పూలొక్కటే లేవు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం కొత్త రన్‌వే కోసం అడవి కొట్టేస్తుంటే జనం అడవిలోనే గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. 1981లో పోలీసులు వాటిని పీకేశారు, 1984లో రన్‌వే తెరుచుకుంది. ఆ తర్వాతా నిరసనలు ఆగలేదు. 1987లో అలాంటి ఒక ప్రదర్శనలో ఇద్దరు పోలీసులు తుపాకీ గుళ్ళకి చనిపోయారు. ఆనా పెరిగిన పట్టణం ఆ విమానాశ్రయానికి ఎంతో దూరం కాదు.

సరే, 2002. ఆ ఆగస్టులో ఎల్బే నదికి వరదొచ్చి డ్రెస్డెన్ మునిగింది. ఇరాక్ యుద్ధం మాటలు మొదలయ్యాయి. వరద సహాయం, యుద్ధం వద్దన్న మాట, ఈ రెండూ కలిసొచ్చి, ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) ష్రోడర్ గారి సోషల్ డెమోక్రాట్, గ్రీన్ కూటమి బొటాబొటిగా గట్టెక్కింది. గ్రీన్స్‌కి 8.6 శాతం ఓట్లు, 55 సీట్లు. అందులో ఒక సీటు మన ఆనాది.

సభ్యురాలయ్యాక ఆమె చేసిన పనుల్లో రెండు నాకు నచ్చాయి. ఒకటి, చదువు మానలేదు. హాగెన్‌లో దూరవిద్య విశ్వవిద్యాలయం ఉంది, మనకి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నట్టు. పగలు సభలో కూర్చుంటూ అందులో రాజనీతిశాస్త్రం డిగ్రీ చేసింది. రెండోది, బడ్జెట్ కమిటీలో పనిచేసింది. పర్యావరణం అనేవాళ్ళు పర్యావరణ కమిటీలోనే కూర్చోవాలనుకుంటాం. కానీ ఏ రోడ్డుకి ఎంత, ఏ బొగ్గు గనికి ఎంత రాయితీ అన్నవి తేలేది బడ్జెట్ దగ్గరే. మనూళ్ళో చెరువు కబ్జా గురించి మాట్లాడేవాళ్ళు పంచాయతీ జమాఖర్చుల పుస్తకం ఒక్కసారైనా తెరిచారా అని నాకెప్పుడూ అనుమానమే.

ఇప్పుడు నేనసలు చెప్పాలనుకున్న సంగతి. జర్మన్ రాజ్యాంగంలో 20ఎ అని ఒక అధికరణం ఉంది, 1994లో చేర్చారు. రాబోయే తరాల పట్ల బాధ్యతగా ప్రకృతి ఆధారాలని ప్రభుత్వం కాపాడాలన్నది దాని సారం. 2002లో దానికి జంతువుల్నీ కలిపారు. 2006లో వేర్వేరు పార్టీల కుర్ర ఎంపీలు కొందరు చేతులు కలిపి, ఇది చాలదు, 20బి అని ఇంకొకటి కావాలని బిల్లు పెట్టారు. ప్రభుత్వం ఏ పని చేసినా, అప్పు తెచ్చినా, రాబోయే తరాల ప్రయోజనం చూసుకునే చెయ్యాలి, అది రాజ్యాంగంలోనే ఉండాలి అని. ఆనా ఆ కుర్ర బృందంలో ఒకరు. సభలో ఒకరినొకరు తిట్టుకునే పార్టీల వాళ్ళు వయసొక్కటే చూసుకుని కలిశారు. అది చట్టం కాలేదు.

2009లో, 26 ఏళ్ళ వయసులో, ఆమె మళ్ళీ పోటీ చెయ్యలేదు. మన దగ్గర 26 అంటే రాజకీయంలో ఇంకా ఫ్లెక్సీలు కట్టే వయసు. ఆమె అప్పటికి ఏడేళ్ళు ఎంపీగా చేసి తప్పుకుంది! భర్త దౌత్య ఉద్యోగం మీద సూడాన్ వెళ్ళింది. అక్కడ ఓమ్‌దుర్మాన్‌లోని అహ్ఫాద్ మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మే చేసింది, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమానికి సలహాదారుగా పనిచేసింది. తర్వాత బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయంలో, ఎన్నికలు జరపడంలో దేశాలకి సమితి చేసే సాయం మీద పీహెచ్‌డీ. ఆ తర్వాత స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని వీ-డెమ్ అనే, దేశాల్లో ప్రజాస్వామ్యం ఎలా ఉందో కొలిచే సంస్థలో పరిశోధకురాలు, కొన్నాళ్ళకి అక్కడే డిప్యూటీ డైరెక్టర్.

వీ-డెమ్ పేరు మీరు వినే ఉంటారు. 2021లో భారతదేశాన్ని 'ఎన్నికలున్న నిరంకుశ వ్యవస్థ' అనే వర్గంలో పడేసింది ఆ సంస్థే. మన ప్రభుత్వం మండిపడింది, టీవీల్లో రోజుల తరబడి అరుచుకున్నారు. ఆ కొలతలతో మీరు ఏకీభవిస్తారా లేదా అన్నది వేరే చర్చ, ఇప్పుడు అందులోకి దిగను. కానీ 2019లో ఆనా, ఆ సంస్థ డైరెక్టర్ స్టఫాన్ లిండ్‌బెర్గ్ కలిసి రాసిన వ్యాసం ఒకటి ఆ రంగంలో అందరూ ఉదహరించేది. ఈ కాలంలో ప్రజాస్వామ్యం ఒక్క రాత్రిలో ట్యాంకులతో కూలడం తక్కువ, ఎన్నికైనవాళ్ళే చట్టం ముసుగులో కొంచెం కొంచెంగా తినేస్తారు అని అందులో చెప్పారు. చెదపురుగు పద్ధతి అన్నమాట.

2021లో రెండు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 29న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు బయటపెట్టింది. 2019 నాటి వాతావరణ చట్టం కొంతవరకు రాజ్యాంగ విరుద్ధం అంది. 2030 దాకా సులువుగా నడిపించి, కష్టమంతా ఆ తర్వాతివాళ్ళ మీదికి నెడితే, రేపటివాళ్ళ స్వేచ్ఛని ఇవాళే ఖర్చు పెట్టేసినట్టే అన్నది దాని తర్కం. ఆధారం ఆ పాత 20ఎ, పౌరుల మౌలిక హక్కులు. కేసు వేసినవాళ్ళలో లూయిజా నాయ్‌బావర్ లాంటి కుర్ర ఉద్యమకారులున్నారు. బంగ్లాదేశ్, నేపాల్ వాసులూ ఉన్నారు. వాళ్ళకి తీర్పులో ఫలం దక్కలేదు గాని, వాళ్ళ గోడు ఆ కోర్టు వినడానికి ఒప్పుకోవడమే నాకు ఆశ్చర్యం. 2006లో బిల్లుగా వచ్చి చట్టం కాలేకపోయిన మాటలో సగమైనా, పదిహేనేళ్ళకి కోర్టు నోటి నుంచి వచ్చింది.

రెండోది, ఆ సెప్టెంబర్‌లో ఆనా మళ్ళీ గెలిచింది. డిసెంబర్‌లో విదేశాంగ శాఖలో, మంత్రి బేర్‌బాక్ కింద, ఐరోపా, వాతావరణ వ్యవహారాల సహాయ మంత్రి అయ్యింది. అప్పటికి 38 ఏళ్ళు.

ఇక్కడ కథ ఘనంగా పూర్తవ్వాలని మనసుకుంటుంది. అవ్వలేదు. రెండు నెలలకే రష్యా ఉక్రెయిన్ మీద పడింది. గ్యాస్ ఆగింది. గ్రీన్స్ ఉన్న ప్రభుత్వమే మూతపడ్డ బొగ్గు కేంద్రాల్ని మళ్ళీ వెలిగించింది. 2023 జనవరిలో ల్యూట్సెరాత్ అనే ఊరిని బొగ్గు గని కోసం ఖాళీ చేయించారు, స్వీడన్ పర్యావరణ ఉద్యమకారిణి గ్రేటా థున్‌బెర్గ్‌ని పోలీసులు మోసుకెళ్ళిన ఫొటో ప్రపంచమంతా చూసింది. బొగ్గు విద్యుత్తుని ఆ ప్రాంతంలో 2030కే ఆపే ఒప్పందంలో భాగం ఇది అని గ్రీన్స్ చెప్పుకున్నారు. లెక్క తప్పు కాకపోవచ్చు. ఫొటో ముందు లెక్కలు నిలవవు. ఆ మార్చిలోనే, 2035 తర్వాత పొగ వదిలే కొత్త కార్లు అమ్మకూడదన్న ఐరోపా నియమం దాదాపు ఖరారయ్యాక, ప్రభుత్వంలోని ఇంకో పార్టీ కొన్ని వారాలు దాన్ని ఆపింది. ఐరోపా, వాతావరణం రెండూ ఆనా శాఖే. సొంత కూటమి ఇచ్చిన మాట మీద సొంత కూటమే అడ్డం తిరిగితే, పక్క దేశాల వాళ్ళకి ఏం చెప్తారు? ఆ వారాల్లో ఆమె టెన్షన్ ఊహించుకోవచ్చు.

2024 నవంబర్‌లో ఆ కూటమి కూలింది. 2025 ఫిబ్రవరిలో గ్రీన్స్‌కి 11.6 శాతం వచ్చాయి, మే నెలలో ప్రభుత్వం మారింది, ఆమె మంత్రి పదవి దానితో ముగిసింది.

ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. ఆ కూటమి చేసిన పనుల్లో, ఐరోపా పార్లమెంటు ఎన్నికలకి ఓటు వయసు 16కి దించడం ఒకటి. గ్రీన్స్ ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదే. 2024 జూన్‌లో జర్మన్ పిల్లలు అలా మొదటిసారి ఓటేశారు. 2019లో 25 ఏళ్ళలోపు వాళ్ళలో మూడోవంతు మంది గ్రీన్స్‌కి వేసి ఉంటే, ఈసారి అది సుమారు 11 శాతానికి పడిపోయింది. కరడుగట్టిన రైట్‌వింగ్ పార్టీ ఏఎఫ్‌డీకి ఆ వయసువాళ్ళు అంతకన్నా ఎక్కువే వేశారు. అద్దెలు, ధరలు, యుద్ధం, ఇవి తమ భయాలని చెప్పారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఆ బ్యాలెట్ కాగితం ఏ వరసలో ఆగిందో చూసి, కాస్త ముందుకి పంపించండమ్మా.