ఇనారి సరస్సు ఒడ్డున భాషా గూడు

శ్రోతలకు నమస్కారం.

ఫిన్లాండ్ దేశం ఉత్తర కొసన ఇనారి అనే పెద్ద సరస్సు ఉంది. దాని చుట్టూ తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన ఆదివాసులు ఇనారి సామీలు. వాళ్ళ భాష మాట్లాడేవారు ఇప్పుడు కొన్ని వందలమందే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళ పిల్లల్ని హాస్టల్ బళ్ళలో చేర్చారు. అక్కడ అంతా ఫిన్నిష్. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, తమ బిడ్డలతోనూ ఫిన్నిష్‌లోనే మాట్లాడారు. 1990ల నాటికి భాష అవ్వాతాతల దగ్గర మిగిలింది, పసివాళ్ళ నోట లేదు.

అప్పుడు వాళ్ళకు దారి చూపింది భూగోళానికి అవతలి కొసన ఉన్న ఆదివాసులు, మావోరీలు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో ‘కోహంగ రెయో’ మొదలుపెట్టారు, అంటే భాషా గూడు. ఆ దారిలోనే 1997లో ఇనారిలో ఒక గూడు తెరుచుకుంది.

ఆ గూట్లో ఏం చేస్తారు? పాఠాలు చెప్పరు. బడి ఈడు రాని పిల్లల్ని పగలంతా చూసుకుంటారు. కోటు తొడగడం, అన్నం పెట్టడం, బయట ఆడించడం, నిద్రపుచ్చడం అన్నీ ఇనారి సామీలోనే. పిల్లవాడు ఫిన్నిష్‌లో నీళ్ళడిగితే కసరరు, అనువాదమూ చేయరు. నీళ్ళిస్తూ అదే మాట తమ భాషలో నిండు వాక్యంగా చెబుతారు. మొదట్లో పిల్లలు వినడమే గానీ పలకరు. కంగారు పడనక్కర్లేదు. ముందు మాటలొస్తాయి, తర్వాత వాక్యాలొస్తాయి.

చెడేది ఎక్కడంటే, పెద్దవాళ్ళ దగ్గర. ఇద్దరు ఆయాలు తమలో తాము ఫిన్నిష్‌లో ముచ్చటించుకుంటే చాలు, అసలు భాష ఏదో, ఆటభాష ఏదో పిల్లలు ఇట్టే పసిగడతారు. అందుకే నియమం పిల్లలకు కాదు, పెద్దలకు. గూట్లో పెద్దలు పెద్దలతో కూడా ఆ భాషే మాట్లాడాలి.

ఇంకో చిక్కు వచ్చింది. గూడు నడిపేదెవరు? భాష వచ్చినవాళ్ళు ముసలివాళ్ళు. పని చేసే ఈడున్నవాళ్ళకు భాష రాదు. మధ్య తరం మొత్తం ఖాళీ. ఆ సమాజానికే చెందిన భాషావేత్త మర్యా-లీసా ఓల్ట్‌హుయిస్, ఆమె తోటివారు కలిసి 2009లో పదిహేడుమంది పెద్దలకు ఏడాదిపాటు పూర్తికాలపు చదువు ఏర్పాటు చేశారు. టీచర్లు, పిల్లల్ని చూసుకునేవాళ్ళు, పత్రికల్లో పనిచేసేవాళ్ళు, అంటే భాష వస్తే రేపే వాడుకలో పెట్టగలవాళ్ళను ఎంచుకున్నారు. ముందు తరగతులు. తర్వాత ఒక్కొక్కరినీ భాష వచ్చిన ముసలివాళ్ళ ఇళ్ళకు పంపారు. వాళ్ళతో కలిసి వండాలి, పనులు చేయాలి, మాట్లాడాలి. ఈ గురుశిష్య పద్ధతి కాలిఫోర్నియా ఆదివాసులది. అక్కడ వారానికి పది నుంచి ఇరవై గంటలు ఒక పెద్దతో గడపమంటారు, మధ్యలో ఇంగ్లీషు దొర్లకూడదు. చివరగా గూట్లో, బళ్ళో, రేడియోలో పని శిక్షణ. ఆ చదువు తర్వాత ఇంకా గూళ్ళు తెరుచుకున్నాయి.

అంతర్జాతీయ సహకారం అంటే నిధులు, నిపుణులు, నివేదికలు అనుకుంటాం. ఇక్కడ సాగింది వేరు. ఒక ఆదివాసీ జాతి తన పద్ధతిని ఇంకో జాతికి ఇచ్చింది. ఎలా వాడుకోవాలో పుచ్చుకున్నవాళ్ళే తేల్చుకున్నారు. 2007లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న ఆదివాసుల హక్కుల ప్రకటన 14వ అధికరణం చెప్పేదీ ఇదే: తమ భాషలో, తమ బోధనా రీతిలో బళ్ళు పెట్టుకుని, తామే నడుపుకునే హక్కు వాళ్ళది. నా మటుకు ఆ ‘తామే నడుపుకునే’ అన్నదే ప్రాణం.

మన దగ్గర? గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు బడి పెట్టారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి, కొలామి వగైరా ఎనిమిది భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. ఇక్కడొక తేడా గమనించాలి. పిల్లలు ఇంకా తమ భాష మాట్లాడే ఊరికి గూడు అక్కర్లేదు, ఆ భాషలో బడి కావాలి. ఇంట్లో కూడా తెలుగులోకి దిగిపోయిన ఊరికే గూడు కావాలి. ఒకదానికి బదులు ఇంకోటి పెడితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది.

అలాంటి ఊళ్ళో గూడు పెట్టదలచినవారికి చెప్పవలసింది ఒకటే. పుస్తకాలు, బొమ్మలు తర్వాత. ముందు భాష ధారాళంగా వచ్చిన ఇద్దరిని వెతకండి. ఒక్కరు చాలరు. ఆ ఒక్కరూ జ్వరంతో పడుకున్న రోజున గూట్లో భాష ఉండదు, పైగా పెద్దల సంభాషణ పిల్లల చెవిన పడాలంటే ఇద్దరుండాలి. ఊరి అవ్వలైతే మరీ మంచిది, వాళ్ళ చదువు అడగొద్దు. వాళ్ళకు జీతమివ్వండి. ఆ జీతం పిల్లలు బడికి వెళ్ళేదాకా, కనీసం మూడేళ్ళు, ఆగకుండా అందేట్టు ముందే చూసుకోండి. ఏడాది ప్రాజెక్టు డబ్బుతో మొదలుపెడితే, పిల్లలు వాక్యాలు పలికే వేళకు గూడు మూతపడుతుంది.

నమస్కారం.