ఉప్పునీటి తొట్టెలో పగడాలు: శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో ఇంట్లో రీఫ్ అక్వేరియం గురించి మాట్లాడుకుందాం. అంటే ఉప్పునీటిలో పగడాలు, సముద్రపు చేపలు పెంచే ట్యాంక్. అందులోనూ పైన ఫ్రేమ్ లేని రిమ్‌లెస్ ట్యాంక్. మన విశాఖలో చాలాకాలంగా ఇవి కడుతున్న నిపుణులు స్టూడియోలో ఉన్నారు. సార్, నమస్కారం.

నిపుణుడు: నమస్కారమండి. ఫోన్ చేసేవాళ్లు ఏం అడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను. కరెంట్ పోతే మీ ట్యాంక్ ఏమవుతుంది? దానికి జవాబు ఉంటేనే మిగతా మాటలు.

వ్యాఖ్యాత: మొదటి కాలర్ సీతమ్మధార నుంచి. చెప్పండి సార్.

కాలర్ (సీతమ్మధార): హలో... హలో... వినిపిస్తోందా అండి?

వ్యాఖ్యాత: వినిపిస్తోంది సార్, మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించాను. నేను రిటైరయ్యానండి, మూడేళ్లయింది. మా మనవడు పుణేలో చదువుతున్నాడు, వేసవి సెలవులకి వస్తాడు. వాడి స్నేహితుడి ఇంట్లో చూశాడట. చుట్టూ నల్ల ఫ్రేమ్ ఏమీ లేకుండా ఒట్టి గాజు, నీళ్లు గాల్లో నిలబడ్డట్టు ఉంటాయట. తాతయ్యా మనమూ పెడదాం అన్నాడు. సరే అన్నాను. మాది మూడో అంతస్తు. హాల్లో సోఫా జరిపి కొలతలు తీశాను. 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. గాజు షాపతను 8 మిల్లీమీటర్లు చాలన్నాడు. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను.

నిపుణుడు: గాజు కోసేశారా?

కాలర్: లేదండి, సోమవారం కోస్తానన్నాడు.

నిపుణుడు: ఇప్పుడే ఫోన్ చేసి ఆపించండి సార్. 8 వద్దు. మామూలు ట్యాంక్‌కి పైన ఫ్రేమో, అడ్డపట్టీయో ఉంటుంది. అది గాజు పై అంచుని పట్టుకుంటుంది. రిమ్‌లెస్‌లో పట్టుకునేది ఏదీ లేదు, మధ్యలో గాజు బయటికి వంగుతుంది. 2 అడుగుల ఎత్తు నీళ్లు మీ ముందు పలకని సుమారు 230 కిలోల బలంతో నెడతాయి. రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి. ఆ కొలతకి 15 మిల్లీమీటర్ల గాజు కావాలి.

కాలర్: 15 అంటే డబ్బులు...

నిపుణుడు: ఎక్కువవుతాయి. డబ్బు తర్వాత సంగతి, ముందు బరువు చూద్దాం. మీ కొలతకి 450 లీటర్లు పడతాయి. ఉప్పునీరు లీటరు కిలో కంటే కాస్త ఎక్కువే తూగుతుంది. 15 ఎంఎం గాజు ఒక్కటే 110 కిలోలు. రాళ్లు, ఇసుక, స్టాండ్, కింద సంప్, అన్నీ కలిపితే ముప్పావు టన్ను. ఇళ్ల శ్లాబ్ మీద లెక్క వేసే బరువు చదరపు మీటరుకి దాదాపు 200 కిలోలు. మీరు పెట్టేది చదరపు మీటరుకి టన్ను లెక్కన పడుతుంది. హాలు మధ్యలో పెడతారా, గోడ పక్కనా?

కాలర్: మధ్యలోనే అండి. నాలుగు వైపుల నుంచీ కనబడాలని.

నిపుణుడు: వద్దు సార్, వద్దు. కింద బీమ్ వెళ్తున్న చోట, గోడకి ఆనించి పెట్టాలి. అదీ స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒకసారి వచ్చి చూశాకే. నా మాట వింటే 3 అడుగులు, అడుగున్నర, అడుగున్నర చేయించుకోండి. 190 లీటర్లు. 12 ఎంఎం గాజు సరిపోతుంది. మొత్తం 350 కిలోల దగ్గర ఆగుతుంది. మనవడికి అదే పెద్ద సముద్రం.

కాలర్: మరి సంప్ అన్నారు. మా అపార్ట్‌మెంట్ సంప్ సెల్లార్‌లో ఉందండి, సెక్రటరీని అడగాలి.

నిపుణుడు: అది కాదు సార్. స్టాండ్ లోపల ఇంకో చిన్న తొట్టె పెడతాం, దాన్నే సంప్ అంటాం. పై ట్యాంక్ నీళ్లు పైపు గుండా అందులోకి దిగుతాయి. నురగతో మురికిని లాగేసే స్కిమ్మర్, హీటర్ అన్నీ అక్కడే ఉంటాయి. పంప్ ఆ నీటిని మళ్లీ పైకి పంపిస్తుంది. ఇప్పుడు చెప్పండి, కరెంట్ పోతే ఏమవుతుంది?

కాలర్: పంప్ ఆగిపోతుంది.

నిపుణుడు: ఆగితే?

కాలర్: నీళ్లు... హలో... (లైన్ కట్ అయింది)

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. సార్ మళ్లీ చేస్తారేమో. తర్వాత భీమిలి నుంచి.

కాలర్ (భీమిలి): అన్నా, మాది బీచ్ రోడ్డే. సముద్రంలో డైవింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఉన్నారు. పగడపు రాయి, బతికున్నదే తెచ్చిస్తామంటున్నారు. ట్యాంక్‌కి మంచిదేనా?

నిపుణుడు: తీసుకోకు తమ్ముడూ. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్ర గుర్రాలు కూడా అంతే. చట్టం దృష్టిలో పులి ఎంతో అదీ అంతే. తీసినవాడికీ, కొన్నవాడికీ కేసే. చట్టం పక్కన పెట్టినా, ఆ పగడం అంత పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆలోచించు. ట్యాంకుల్లోనే పెంచి ముక్క చేసినవి, కాగితాలు చూపించి అమ్మేవాళ్ల దగ్గరే కొను. రాళ్లకి బదులు సిరామిక్‌తో చేసినవి ఉన్నాయి, నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా వాటి మీదా బ్రహ్మాండంగా పెరుగుతుంది.

కాలర్: ఒక్క చిన్న ముక్క అన్నా...

నిపుణుడు: ఒక్క ముక్క కూడా వద్దు.

వ్యాఖ్యాత: థాంక్యూ. గాజువాక నుంచి అమ్మా, చెప్పండి.

కాలర్ (గాజువాక): నమస్తే అండి. మా అబ్బాయి చిన్న ట్యాంక్ పెట్టుకున్నాడు. ఆ ప్యాకెట్ ఉప్పు చాలా ఖరీదండి. కల్లుప్పు కూడా సముద్రం నుంచే కదా వచ్చేది, అది కలిపితే సరిపోదా?

నిపుణుడు: మంచి ప్రశ్న తల్లీ, అందరికీ వచ్చే సందేహమే. మీరు నౌపడ వైపు ఉప్పు మడులు చూశారా?

కాలర్: చూశామండి, రైల్లో వెళ్తుంటే కనిపిస్తాయి.

నిపుణుడు: అక్కడ సముద్రపు నీటిని ఎండకి ఆరబెడతారు. నీరు చిక్కబడే కొద్దీ ముందు కాల్షియం ఉండే సున్నం లాంటివి అడుగుకి దిగిపోతాయి. తర్వాత ఉప్పు పేరుకుంటుంది. ఇంకా చేదు నీళ్లు మిగులుతాయి, వాటిని బయటికి వదిలేస్తారు. మెగ్నీషియం ఉండేది ఆ చేదు నీళ్లలోనే. అంటే కల్లుప్పు మన కూరకి చక్కగా సరిపోతుంది, కానీ పగడం ఒళ్లు కట్టుకునే కాల్షియం, మెగ్నీషియం అందులో సరిపడా లేవు. గోడ కట్టమని సిమెంట్ లేకుండా ఒట్టి ఇసుక ఇచ్చినట్టు. రీఫ్ ఉప్పే వాడాలి. లీటరుకి 35 గ్రాముల పైచిలుకు పడుతుంది, ఉప్పదనం రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోవాలి, మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.

కాలర్: నీళ్లు మాత్రం ఇంట్లో ఆర్‌వో ఫిల్టర్‌వే పోస్తున్నాడండి.

నిపుణుడు: తాగే ఫిల్టర్‌లో రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలుపుతారమ్మా. నీటిలో కరిగిన లవణాల్ని చూపే టీడీఎస్ మీటర్ చౌకగానే దొరుకుతుంది, ముంచి చూడమనండి. మనకి సున్నా కావాలి. ఆర్‌వో తర్వాత, మిగిలిన లవణాల్ని లాగేసే డీఐ అని ఇంకో గొట్టం తగిలిస్తే సున్నా వస్తుంది. బీచ్ నీళ్లు తెస్తానంటే మాత్రం వద్దనండి, ఊరి కాలువలన్నీ ఒడ్డునే కలుస్తాయి. అన్నట్టు, మీకు ఇన్వర్టర్ ఉందా? కరెంట్ పోతే ఏం చేస్తాడట?

కాలర్: అది అడగలేదండి.

నిపుణుడు: ఈ రాత్రే అడగండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. మధురవాడ నుంచి.

కాలర్ (మధురవాడ): సార్, ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. ట్యాంక్ పెట్టి రెండు వారాలైంది. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ ట్యాంగ్ వేశాను. మూడూ చనిపోయాయి.

నిపుణుడు: ఎన్నో రోజు వేశావు?

కాలర్: మూడో రోజు సార్. నీళ్లు చాలా క్లియర్‌గా ఉన్నాయి.

నిపుణుడు: అమ్మోనియాకి రంగుంటుందా బాబూ? టెస్ట్ కిట్ ఉందా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: చూడండి, ఇది నేను ప్రతిసారీ చెప్తాను, ప్రతిసారీ ఇదే జరుగుతుంది. చేప విసర్జించేది అమ్మోనియా. అది విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఖాళీ ట్యాంక్‌ని చూస్తూ కూర్చోవడమే పని. నీ ట్యాంక్ ఎంత?

కాలర్: రెండు అడుగులు సార్.

నిపుణుడు: బ్లూ ట్యాంగ్ పెరిగితే అడుగు పొడవు ఉంటుంది. రెండడుగుల్లో అది తిరగడానికి చోటెక్కడ? ప్రాణం బాబూ అది. కిట్ కొను, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక ఒక్క క్లౌన్ చేప తెచ్చుకో. హ్యాచరీలో పుట్టినదే అడుగు. వాటిని ఇక్కడే పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అదే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు, సముద్రంలో పట్టనక్కర్లేదు. ఇంకోటి, రిమ్‌లెస్ కదా, పైన వల పెట్టు. పెట్టకపోతే పొద్దున లేచేసరికి చేప ఎగిరి నేల మీద ఉంటుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ. ఎంవీపీ కాలనీ.

కాలర్ (ఎంవీపీ కాలనీ): మే నెలలో నీళ్లు 31 డిగ్రీలకి వెళ్తున్నాయండి. ఫ్యాన్ చాలా?

నిపుణుడు: ఫ్యాన్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. మన దగ్గర వేసవిలో గాలే తడిగా ఉంటుంది, ఆవిరి తక్కువ. అందుకే పొడి ఊళ్లలో పనిచేసినంత ఇక్కడ పనిచేయదు. నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్ కావాలి. 24 నుంచి 27 మధ్య ఉంచండి. చిల్లర్ వేడిని బయటికి ఊదుతుంది, స్టాండ్ లోపల మూసిపెట్టకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గినదానికి ఉప్పు కలపని ఆర్‌వో-డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీరు కాదు.

వ్యాఖ్యాత: గోపాలపట్నం నుంచి, త్వరగా అడగండి.

కాలర్ (గోపాలపట్నం): సార్, ఒక రాయి నిండా జొవాంథిడ్‌లు, అదే బొత్తాల్లా గుంపుగా పెరిగే పగడాల జాతి, పట్టేశాయి, వేరే పగడాల్ని తొక్కేస్తున్నాయి. రాయి తీసి మరుగు నీళ్లలో వేద్దామని స్టవ్ మీద...

నిపుణుడు: పెట్టారా?

కాలర్: ఇంకా లేదు సార్, సాయంత్రం...

నిపుణుడు: పెట్టొద్దు. దయచేసి వినండి, మిగతావాళ్లూ వినండి. ఆ జాతిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. చాలా బలమైన విషం. మరిగిస్తే ఆవిరిలో కలిసి ఇంటిల్లిపాదీ పీలుస్తారు. విదేశాల్లో ఇలాగే కుటుంబాలకి కుటుంబాలు ఆసుపత్రి పాలయ్యాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ఆ రాయిని నీళ్లతోనే వేరే బకెట్‌లోకి మార్చండి. బ్రష్‌తో రుద్దొద్దు, మరిగించొద్దు. ఇంట్లో పిల్లలున్నారా?

కాలర్: పాప ఉంది సార్. నాలుగేళ్లు.

నిపుణుడు: బకెట్ పాపకి అందనిచోట పెట్టండి. కార్యక్రమం అయ్యాక లైన్‌లో ఉండండి, నేను మాట్లాడతాను.

వ్యాఖ్యాత: సీతమ్మధార సార్ మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

కాలర్ (సీతమ్మధార): కట్ అయిపోయిందండి. షాపతనికి చెప్పేశాను, ఆపాడు. 12 అన్నారా, 15 అన్నారా?

నిపుణుడు: 3 అడుగులదానికి 12 సార్. 4 అడుగులదానికే 15. అంచులు పాలిష్ పట్టించండి. సిలికాన్ అక్వేరియంది వాడాలి, బాత్రూమ్‌కి వాడే బూజు పట్టనిది వద్దు, అందులో మందు కలుపుతారు. అతికించాక వారం రోజులు నీళ్లు పోయకండి. ఆ తర్వాత టార్చ్ వేసి అతుకుల్లో బుడగలున్నాయేమో చూసుకోండి.

కాలర్: నీళ్లు కిందికి వస్తాయి అని చెప్పబోయానండి ఇందాక. కరెంట్ పోతే.

నిపుణుడు: శభాష్. ఎంత వస్తాయి?

కాలర్: అది తెలీదు.

నిపుణుడు: మీ 3 అడుగుల ట్యాంక్‌లో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 4 లీటర్లు. పంప్ నుంచి నీరు వచ్చే మూతి 5 సెంటీమీటర్లు లోపలికి మునిగి ఉందనుకోండి, పంప్ ఆగగానే అదే పైపు వెనక్కి లాగుతుంది. 20 లీటర్లు సంప్‌లోకి. సంప్‌లో చోటు లేకపోతే మీ హాల్లోకి, అక్కడి నుంచి కింది ఇంటివాళ్ల సీలింగ్‌లోకి. కాబట్టి ఆ మూతి నీటి పైమట్టానికి దగ్గరగా ఉండాలి. అన్నీ బిగించాక స్విచ్ ఆపేయండి. నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా పక్కనే నిలబడండి. సంప్ మీద మార్కర్‌తో గీత గీయండి. మళ్లీ ఆన్ చేసి, మట్టం కుదురుకున్నాక రెండో గీత. రోజూ నడిచేటప్పుడు నీళ్లు ఆ రెండో గీత దాటకూడదు. కొందరు పైపుకి చిన్న రంధ్రం పెట్టి ధీమాగా ఉంటారు, ఆ రంధ్రంలో ఉప్పు పేరుకుని మూసుకుపోతుంది. గీతని నమ్ముకోండి.

కాలర్: ఎక్కువసేపు పోతేనో అండి?

నిపుణుడు: అదే నా భయం సార్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది కదా. లాసన్స్ బే కాలనీలో ఉండేవాణ్ని. రోజుల తరబడి కరెంట్ లేదు. కిటికీ అద్దాలు పోయాయి, ట్యాంక్‌కి మాత్రం గీత పడలేదు. నేనూ మా ఆవిడా స్టీలు చెంబుతో నీళ్లు తోడి పైనుంచి పోశాం, గాలి కలవాలని. వంతులేసుకుని, కొవ్వొత్తి వెలుగులో. రెండో రోజు రాత్రి ఆమె కూర్చున్న చోటే నిద్రపోయింది, చెంబు చేతిలోనే ఉంది. లేచేసరికి క్లౌన్ చేపల జంట పక్కకి ఒరిగి ఉంది. తొమ్మిదేళ్ల జంట అది. ఆడచేప మొప్పలు ఇంకా కదులుతున్నాయి, అరగంట చూశాను. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒక్కటి ఇంట్లో ఉంటే బతికేవి. దాని ధర ఆ రోజుల్లో ఒక పూట హోటల్ భోజనం అంత.

వ్యాఖ్యాత: ...

కాలర్: ఎయిర్ పంప్ కూడా రాసుకున్నానండి. రెండు తీసుకుంటాను.

నిపుణుడు: బ్యాటరీలు విడిగా, డబ్బాలో. నెలకోసారి నడిపి చూడండి.

కాలర్: గాజు 12 కదండి?

నిపుణుడు: 12 సార్.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది, పెందుర్తి, అనకాపల్లి నుంచి లైన్‌లో ఉన్నవాళ్లు క్షమించాలి. గోపాలపట్నం సార్, మీరు లైన్ పెట్టేయకండి.