మండువాలో మైకు లేని కచేరి

అందరికీ నమస్కారమండీ. వెనకాల కూర్చున్నోళ్ళకి వినపడతుండాదా? కొంచెం పెంచండి నాయనా మైకు... ఆఁ, చాలు. చూశారా, నేను చెప్పబోయేది మైకు లేని కచేరి గురించి, మొదలుపెట్టిందేమో మైకు పెంచమని! సరే కానీయండి.

పోయిన కార్తీకంలో మా బావ ఫోన్ చేసి ఉదయగిరి వైపు ఒక పాత జమీందారుల ఇంట్లో కచేరి ఉండాది, వస్తావా అన్నాడు. ఊరి పేరు మాత్రం చెప్పను, ఇంటాయన చెప్పొద్దన్నాడు, చెబితే వచ్చే ఏడు అరవై మంది పట్టే చోటుకి ఆరొందల మంది దిగుతారని ఆయన భయం. మధ్యాన్నం నెల్లూరులో బయల్దేరి సంగం దాటి ఆత్మకూరు మీదుగా పొయ్యేసరికి అయిదు. మబ్బు పట్టి ఉండాది, మా ఆవిడ దారి పొడుగునా గొడుగు తెచ్చావా అని ఒకటే గోల, తేలేదు.

ఆ ఇల్లు మండువా లోగిలి. ఈ కాలం పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతా, ఇంటి మధ్యలో పైకప్పు లేకుండా ఆకాశం కనపడతా ఉంటది, దాని చుట్టూ నాలుగు పక్కలా వసారా, టేకు స్తంభాలు, వాన పడితే నాలుగు చూర్ల నీళ్ళూ ఆ నడిమి తొట్టిలోకే పడతాయి. సున్నపు గోడలు, గచ్చు నేల. తూర్పు వసారాలో ఒక తివాచీ మీద ముగ్గురే ముగ్గురు, వయొలిన్, వీణ, మృదంగం, వెనక తంబూరా పట్టుకోని ఒక చిన్న పిల్ల. మేము జంపఖానాల మీద. మొదటి వరసకీ మృదంగానికీ మధ్య నాలుగడుగులు ఉంటదేమో.

మొదటి పది నిమిషాలు నాకేమీ వినపడలేదంటే నమ్మండి. అంటే వినపడతుండాది గానీ, కల్యాణ మండపాల్లో స్పీకర్ బాక్సుల పక్కన కూర్చోని కూర్చోని మన చెవులు మొద్దుబారి పోయుండాయి కదా, వీణ అంత మెల్లగా ఉంటదని మర్చేపొయ్యా. తర్వాత తర్వాత చెవి దానంతటదే తెరుచుకుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లాగినప్పుడు తీగ మెట్టు మీద రాసుకునే శబ్దం, వయొలిన్ ఆయన ఊపిరి పీల్చుకోవడం, పక్కన పెద్దాయన తాళం వేసే చప్పుడు, అన్నీ కచేరిలో భాగమే అయిపొయ్యాయి. ఎవరో దగ్గితే ముగ్గురు తిరిగి చూశారు, ఆ దగ్గింది మా బావే.

ఇంటాయన కొడుకు ఫారిన్‌లో ఉండి వచ్చినాయన, దీన్ని ఛాంబర్ కచేరి అన్నాడు. ఛాంబర్ అంటే గది, అంతే, గదిలో పట్టే సంగీతం. యూరప్‌లో ఇది పెరిగింది కూడా ఇట్టాంటి ఇళ్ళలోనే. హైడన్ అనే సంగీతకర్త 1761లో ఎస్టర్‌హాజీ అనే ప్రభువుల కొలువులో చేరి ముప్పై ఏళ్ళ దాకా వాళ్ళ దగ్గరే ఉన్నాడు, వేసుకోవలసిన మేజోళ్ళు తెల్లవై ఉండాలని కూడా కొలువు ఒప్పందం కాగితంలో రాయించుకున్నారంట. వాళ్ళలో ఒక ప్రభువుకి బారిటన్ అని ఒక తీగల వాయిద్యం వాయించే సరదా. ఆయన సరదా కోసం హైడన్ 120కి పైగా ట్రయోలు, అంటే ముగ్గురు కలిసి వాయించేవి, రాశాడు! దొరగారికి పిచ్చి పుడితే ఎంత పని జరగతదో చూడండి. అవి కాక రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిపి వాయించే క్వార్టెట్లు తన జీవితంలో ఇంకో 60కి పైగా రాశాడు.

మన దగ్గర మాత్రం తక్కువా? అసలు ఆ వయొలిన్ మనదెట్టా అయ్యింది? త్యాగయ్య కాలపు పెద్ద వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ మద్రాసు దగ్గర మనలి జమీందారు ఆదరణలో ఉన్నప్పుడు ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకున్నాడు, తర్వాత ఎట్టయపురం సంస్థానంలో విద్వాంసుడయ్యాడు. అట్టా ఒక జమీందారు ఇంటి గుమ్మంలోంచి లోపలికొచ్చిన వాయిద్యం ఈ రోజు లేకుండా మనకి కచేరీ లేదు. మైకంటారా, అది 1930ల నాటికి మద్రాసు సభల్లోకి వచ్చింది, అంటే మన సంగీతం ఎక్కువ కాలం బతికింది మైకు లేకుండానే.

ఒక సంగతికి మాత్రం లోపల్లోపల నవ్వుకున్నా. మధ్యలో వాళ్ళు కల్యాణి రాగం ఎత్తుకోని "నిధి చాల సుఖమా" వాయించారు. రాజుగారి పిలుపు కాదని త్యాగయ్య పాడాడని చెప్పుకునే కృతి అది, ఆ కృతిని జమీందారు ఇంట్లో, గోడ మీద పటంలో ఇంటాయన ముత్తాత కత్తి పట్టుకోని చూస్తా ఉండగా! త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల కదండీ, ఆ కాకర్ల మన కంభం పక్కదే, పూర్వీకులు అక్కడి నుంచి తంజావూరు సీమకి పొయ్యారు. మనవైపు మనిషి కాబట్టి అంత మొహమాటం లేకుండా చెప్పుంటాడని మా బావ అన్నాడు.

ఇంతలో వాన. చిన్నది కాదు, మన నెల్లూరు కార్తీకం వాన, నాలుగు చూర్ల మీంచి తొట్టిలోకి దబదబా పడతుంటే వీణ పూర్తిగా మునిగిపోయింది. వేరే చోటైతే ఆపేసేవాళ్ళు, లేదా వాల్యూమ్ పెంచేవాళ్ళు. ఇక్కడ వీణ ఆవిడ వాయించడం ఆపి మావైపు చూసి చెయ్యి ఊపింది, ముందుకి జరగండని. అరవై మందిమీ జంపఖానాలు ఈడ్చుకుంటా తివాచీ అంచు దాకా జరిగాం, చిన్నపిల్లలు వాళ్ళ మోకాళ్ళ పక్కనే, వెనకున్న ఆడవాళ్ళు స్తంభాలకి ఆనుకోని. చెమ్మకి మృదంగం చర్మం జారి శృతి దిగిపోయింది. ఆయన ఏమీ కంగారు పడకుండా సంచిలోంచి రాయి, పుల్ల తీసి మూతి చుట్టూ ఒక్కో చోట టక్ టక్‌మని కొట్టుకుంటా, వేలితో మీటి వింటా, మళ్ళీ కొడతా ఉన్నాడు. అయిదు నిమిషాలు మేమందరం అదే విన్నాం. తంబూరా పిల్ల మాత్రం ఆ వానలో కూడా మీటడం ఆపలేదు, ఆయన తలెత్తి ఆ పిల్ల వైపు చూసి సరిపోయిందా అన్నట్టు కనుబొమ్మ ఎగరేస్తే, ఇంకొంచెం అని వేళ్ళతో చూపించింది.