షాట్‌గన్ భుజాన్ని తంతోందా? ప్యాడ్ కొనే ముందు ఇది చూడండి

డాలస్ దగ్గర ఆఫీసు ఫ్రెండ్స్‌తో సరదాగా క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరే మట్టి పళ్ళేల్ని కాల్చే ఆటకి వెళ్ళి, 50 తూటాలు కాల్చి, మర్నాడు పొద్దున చొక్కా వేసుకుంటుంటే చెయ్యి పైకి లేవలేదండీ నాకు. గాడిద తన్నినట్టే. వెంటనే ఆన్‌లైన్‌లో స్లిప్-ఆన్ ప్యాడ్ ఆర్డర్ పెట్టేశా, బట్‌కి, అంటే గన్ వెనక భుజానికి ఆనే కొసకి, సాక్సులా తొడుగుతారే, అది. తీరా చూస్తే దెబ్బ ఇంకా ఎక్కువైంది!

[స్క్రీన్ మీద: భుజం ఫోటో]

ఈ నీలం మచ్చ చూడండి. బట్ కూర్చోవాల్సింది కాలర్ ఎముక కింద, భుజం గుంటలో. మచ్చేమో చేతి కండ మీదుంది. ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు, షాపులో దొరికే చాలా గన్‌లకి 14 అంగుళాల పైనే ఉంటుంది, అయిదడుగుల నాలుగంగుళాల నాకు అదే ఎక్కువ, దానికి ఈ ప్యాడ్ ఇంకో అంగుళం కలిపింది. అంత పొడుగు గన్ గుంటలోకి రాక పక్కకి జారింది.

అసలు ప్యాడ్ ఏం చేస్తుంది? 24 గ్రాముల సీసం గుళికలు సెకనుకి 400 మీటర్ల వేగంతో ముందుకెళితే, మూడున్నర కిలోల గన్ సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగంతో వెనక్కి రావాల్సిందే. దాన్ని ఏ ప్యాడూ ఆపలేదు. కార్క్ బాల్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం కదా, ప్యాడ్ చేసేదీ అంతే, దెబ్బని కాస్త ఎక్కువసేపట్లో, ఎక్కువ చోటు మీద పడేలా చేస్తుంది. బొటనవేలితో నొక్కితే దిగని పాత రబ్బరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మెత్తటి రబ్బరుకి ఇంకో చిక్కుంది, గన్ ఎత్తేటప్పుడు పైఅంచు చంక దగ్గర జాకెట్‌కి పట్టేస్తుంది. నేను అక్కడ నున్నటి ఎలక్ట్రికల్ టేప్ అంటించాను.

భుజం బాగానే ఉండి చెంప మండుతోందా? అయితే కోంబ్ చూడండి, అంటే చెంప ఆనే చోటు. అది కిందికుంటే తల లేపి చూస్తాం, అప్పుడు చెంపదెబ్బ ఖాయం. గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన వైపుకి తిప్పి, కళ్ళు మూసుకుని భుజానికెత్తి, కళ్ళు తెరవండి. కన్ను తిన్నగా రిబ్ వెంబడి, అంటే బారెల్ పైనుండే పట్టీ వెంబడి చూస్తోందా? బారెల్ వెనకభాగం తప్ప ఏమీ కనబడకపోతే కోంబ్ కిందికున్నట్టే, అంటించే ఫోమ్ ప్యాడ్‌తో ముందు సరిచూసుకోవచ్చు. ముక్కుకీ గన్ పట్టుకున్న చేతి బొటనవేలికీ మధ్య రెండు వేళ్ళ సందుంటే పొడవు దాదాపు కుదిరినట్టే. మోచెయ్యి మడిచి బట్ ఆనించి కొలిచే పద్ధతి చెబుతారు చాలామంది, నాకు దాని మీద నమ్మకం లేదు, అందులో మెడ పొడవూ ఛాతీ కొలతా ఏవీ రావు.

2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ అనే క్లే షూటింగ్ పోటీలో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచిన మన హైదరాబాద్ కైనాన్ చెనాయ్ లాంటివాళ్ళకి క్వాలిఫికేషన్‌లోనే 125 క్లేలు, ఒక్కోదానికి రెండు షాట్ల దాకా వీలుంటుంది. గన్ ఒంటికి కుదరకపోతే అన్ని తన్నులు తినడం ఎవరివల్లా కాదు.

నేను చివరికి గన్‌లు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర స్టాక్‌ని, అంటే భుజానికి ఆనే వెనకభాగాన్ని, అంగుళంన్నర కోయించి, అంగుళం ప్యాడ్ బిగించుకున్నా. కోసే ముందు ఆయన నా చలికాలం జాకెట్ వేయించి మరీ కొలిచాడు.