వాటర్ కూలింగ్ పీసీలో రేడియేటర్ కారుతోందా? ముందు ఎక్కడ కారుతోందో పట్టుకుందాం

(కేస్ అడుగున తడి. కెమెరా దగ్గరికి వెళ్తుంది.)

నమస్తే అండీ. కేస్ అడుగున ఇలా తడి కనబడితే వెంటనే పీసీ ఆపేసి ప్లగ్ పీకేయండి. "నా కూలెంట్‌లో కరెంటు పారదులే" అన్న ధీమా వద్దు. సీసాలో ఉన్నంతసేపు అది నిజమే కావచ్చు. కూలెంట్ తిరిగే గొట్టాల చుట్టుదారిలో, అంటే లూప్‌లో, లోహాలను రాసుకుంటూ నెలల తరబడి తిరిగి, బోర్డు మీది దుమ్ములో కలిశాక ఆ మాట నమ్మలేం.

తడి కనబడ్డ చోటే లీకు ఉంటుందనుకోకండి. రేడియేటర్ పైన బిగించి ఉంటే చుక్క ఫ్యాన్ ఫ్రేమ్ పట్టుకుని జారి ఎక్కడో తేలుతుంది. అందుకే అంతా తుడిచి, పొడి టిష్యూతో పైనుంచి కిందికి గొట్టాలు కలిపే ఒక్కో ఫిట్టింగ్‌నీ, ఒక్కో అంచునీ అద్దుతూ రండి. రంగు కూలెంట్ అయితే ఎండిన మరకే దారి చూపిస్తుంది.

(ఫిట్టింగ్ విప్పి చేతిలో పట్టుకుని.)

రేడియేటర్ పాడైందని కంగారుపడేవాళ్లలో చాలామందికి అసలు లీకు ఇక్కడే ఉంటుంది. ఇవి జీ 1/4 ఫిట్టింగులు, అది మరల సైజు పేరు. నీళ్లను ఆపేది మరలు కాదు, ఇదిగో ఈ నల్ల ఓ-రింగ్. కాబట్టి టెఫ్లాన్ టేప్ చుట్టక్కర్లేదు, పానాతో బలంగా బిగిస్తే రింగే నలిగిపోతుంది. రింగు తీసి వేళ్ల మధ్య తిప్పి చూడండి. సన్నటి చీలికో, ఇరుక్కున్న వెంట్రుకో కనబడితే కొత్త రింగు వేసి చేత్తో బిగించండి. పని అయిపోయినట్టే.

ఫిట్టింగులు పొడిగా ఉంటే అనుమానం ఫ్యాన్ స్క్రూల మీదికి పోవాలి. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు, దానికి సాధారణంగా 30 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. ఇంకాస్త పొడుగుది దొరికిందని బిగిస్తే దాని మొన రేకుల వెనకున్న చదును గొట్టంలో దిగుతుంది. కొన్ని రేడియేటర్లకు ఆ రంధ్రం కింద అడ్డుపలక ఉంటుంది, అన్నిటికీ ఉండదు.

(టార్చ్ వెలుగులో స్క్రూ రంధ్రం. లోపల మెరుస్తున్న గీత.)

ఆ గీత కనబడుతోందా? ఖాయం చేసుకోవాలంటే లూప్ ఖాళీ చేసి రేడియేటర్ బయటికి తీయండి. ఒక పోర్టు మూసి, రెండోదానికి లీక్ టెస్టర్ పంపు తగిలించి, నీళ్ల టబ్బులో ముంచి మెల్లగా గాలి కొట్టండి. ఒత్తిడి అర బార్ దాటొద్దు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మాత్రం దీని దగ్గరికి తేవద్దు. బుడగలు వచ్చిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి.

సూది మొనంత రంధ్రమైతే రెండు ట్యూబుల ఎపాక్సీ చాలు, లోహానికి పనికొచ్చే రకం. అతుకు నిలిచేదీ ఊడేదీ ముందు చేసే శుభ్రతను బట్టే. అడ్డొచ్చే రేకులను ముక్కు పటకారుతో పక్కకు వంచి, పెయింట్ గీకి లోహం బయటపెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక పూయండి. ప్యాకెట్ మీద 5 నిమిషాలని ఉన్నా అది గట్టిపడటం మొదలయ్యే సమయమే. ఒక రోజంతా వదిలేయండి.

సోల్డర్ చేయొచ్చా? రాగి, ఇత్తడి రేడియేటర్‌కు చేయొచ్చు. కానీ ఆ వేడికి పక్క అతుకులు కరిగితే ఒక లీకు నాలుగవుతుంది. చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి. అల్యూమినియం మీద మామూలు సోల్డర్ నిలవదు. ఇక కార్ల రేడియేటర్‌లో పోసే లీక్ మందు జోలికి పోకండి. ప్రాసెసర్ మీద కూర్చునే బ్లాక్‌లోని కాలువలు మిల్లీమీటర్ కంటే సన్నం, ముందు అవే పూడుకుపోతాయి.

అంచు అతుకు వెంట పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుని కారుతుంటే అది తుప్పు. అక్కడ ఎపాక్సీ పూస్తే రేపు పక్కన కారుతుంది, రేడియేటర్ మార్చేయండి. ఏఐఓ కూలర్, అంటే కంపెనీ నుంచే అన్నీ బిగించి సీల్ చేసి వచ్చేది అయితే విప్పనే వద్దు, వారంటీ ఉందేమో చూసుకోండి.

(మళ్లీ బిగించిన లూప్. కింద పరిచిన టిష్యూలు.)

తిరిగి బిగించాక ముందు గాలితోనే పరీక్ష. టెస్టర్ ముల్లు అరగంట కదలకపోతే అప్పుడు కూలెంట్ పోయండి. పవర్ సప్లై 24 పిన్ కనెక్టర్ బోర్డుకు తగిలించకుండా, బోర్డు లేకుండానే దాన్ని ఆన్ చేసే జంపర్ పెట్టి పంపు ఒక్కటే రాత్రంతా తిప్పండి. తడిసిన బోర్డునూ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరబెట్టాకే కరెంటు ఇవ్వండి. మొదటి కొన్ని రోజులు రిజర్వాయర్‌లో, అంటే కూలెంట్ పోసే ట్యాంకులో, మట్టం కాస్త తగ్గుతుంది. లూప్‌లో ఇరుక్కున్న గాలి బయటికొస్తోందంతే. టిష్యూలు పొడిగా ఉంటే పైన కొంచెం పోసుకోండి.