ఖాళీ తూటా ఎక్కడ దొరికిందో రాసుకున్నారు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అక్కలకు, నాతో పాటు బొగ్గు బాయి దిగి ఎక్కిన అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఒక్కొక్కరి పేరు చెబితే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది. మన్నించండి.

అమెరికాలో చూసినవి చెప్పమన్నారు. కూతురి దగ్గర మూడు నెలలున్నాను. చాలా చూపించింది. నేను మాత్రం ఒక్క కొండ గురించే చెబుతాను.

ఆ కొండ పేరు బ్లెయిర్ మౌంటెన్. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, లోగన్ కౌంటీలో ఉంది. చార్లెస్టన్ నుంచి అల్లుడు కారులో తీసుకెళ్లాడు. రోడ్డు పక్కన ఒక ఇనుప బోర్డు, చుట్టూ దట్టమైన చెట్లు, అంతే. దిగి నిలబడ్డాను. ఎందుకో కాళ్లు వణికాయి.

1921 ఆగస్టు చివర్లో దాదాపు 10 వేల మంది బొగ్గు కార్మికులు మార్మెట్ నుంచి నడుచుకుంటూ అక్కడికొచ్చారు. మెడలో ఎర్ర రుమాళ్లు, చేతుల్లో తుపాకులు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు ఒకే వరసలో నడిచారు. ఎందుకంటారా? యూనియన్‌లో చేరితే పని పోయేది, కంపెనీ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది. చాలాచోట్ల జీతం కింద కంపెనీ బిళ్ళలు ఇచ్చేవాళ్లు, అవి కంపెనీ కొట్లోనే చెల్లేవి. 1920 మే 19న మేట్‌వాన్ ఊళ్లో కార్మికుల ఇళ్లు ఖాళీ చేయించడానికి కిరాయి డిటెక్టివ్‌లు వచ్చారు. ఆ ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ కార్మికుల పక్షాన నిలబడ్డాడు. కాల్పుల్లో 10 మంది పోయారు. మరుసటి ఏడాది ఆగస్టు 1న వెల్చ్ కోర్టు మెట్ల మీద, చేతిలో ఆయుధం లేని హాట్‌ఫీల్డ్‌ను, పక్కన భార్య ఉండగానే కాల్చేశారు. అక్కడ రగిలింది.

కొండ మీద ఆ కౌంటీ పోలీసు పెద్ద, షెరిఫ్ డాన్ చాఫిన్ మనుషులు మెషిన్‌గన్లు పెట్టుకుని కూర్చున్నారు. అద్దె విమానాల నుంచి నాటు బాంబులు వేశారు. రోజుల తరబడి పోరు సాగింది. కేంద్రం సైన్యాన్ని దించాక కార్మికులు ఆగిపోయారు. వాళ్లలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లే, సైన్యం మీద తుపాకి ఎత్తలేదు. ఆ తర్వాత 985 మంది మీద హత్య, రాజద్రోహం లాంటి కేసులు పెట్టారు. అందుకే ఇంటికెళ్లినవాళ్లు నోరు మూసుకున్నారు, పిల్లలకు కూడా చెప్పలేదు. ఎంతమంది చనిపోయారో ఈరోజుకీ కచ్చితమైన లెక్క లేదు.

ఇక అసలు మాట. మనుషులు చెప్పకపోతే నేల చెప్పింది. ఆ ప్రాంతంవాడే కెన్నెత్ కింగ్ అనే ఆయన మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఏళ్ల తరబడి ఆ కొండంతా తిరిగాడు. 2006లో పురావస్తు శాస్త్రవేత్త హార్వర్డ్ ఏయర్స్ బృందంతో కలిసి సర్వే చేశాడు. వెయ్యికి పైగా వస్తువులు దొరికాయి. ఏది ఎక్కడ దొరికిందో మ్యాప్ మీద గుర్తు పెట్టారు. అన్నా, ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. ఖాళీ తూటా జేబులో వేసుకొస్తే అది ఉత్త ఇత్తడి ముక్క. అదెక్కడ పడి ఉందో రాసుకుంటే, అక్కడొక మనిషి నిలబడి కాల్చాడని తెలుస్తుంది.

ఆ కొండ కింద బొగ్గుంది. కొండ తలను పేల్చేసి బొగ్గు తీసే పద్ధతి వాళ్లది. ఓసీ, అదే ఓపెన్‌కాస్ట్ గని అంటే మనకెవరూ చెప్పక్కర్లేదు కదా, మట్టిగుట్టల కింద మన ఊళ్లెన్ని పోయాయో మీకు తెలుసు. 2009 మార్చిలో ఆ కొండను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. భూమి యజమానుల్లో ఎక్కువమంది వద్దన్నారని ఆ ఏడాది చివర్లోనే తీసేశారు. వద్దన్నవాళ్ల పేర్లలో చనిపోయినవాళ్లు కూడా ఉన్నారని తర్వాత బయటపడింది! కొండను కాపాడాలన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. తీసేయడం చెల్లదని 2016లో తీర్పు వచ్చింది. 2018లో కొండ మళ్లీ జాబితాలోకి ఎక్కింది. తొమ్మిదేళ్లు పట్టింది. కోర్టులో మాట్లాడటానికి వాళ్ల చేతిలో ఆ మ్యాప్ ఉంది. మన చేతిలో ఏముంది?

చెబుతాను, ఏముందో. మన పాత ఆఫీసు గది ఒకటి ఖాళీ చేసిన రోజు రెండు బస్తాల కాగితాలు తూకానికి అమ్మేశారు. ఎవరమ్మారో ఈ సభలో అనను. నాకు సాయంత్రం తెలిసింది. సైకిల్ మీద పాత సామాన్ల కొట్టుకు పరిగెత్తాను. అప్పటికే లారీకి ఎక్కించేశారు. నేల మీద ఒక్క నోటుబుక్ పడి ఉంది. సమ్మె రోజుల లెక్క అది. ఎవరింటి నుంచి ఎంత బియ్యం వచ్చిందో రాశారు. రెండు సోలలు, ఒక సోల, మూడు సోలలు. ఒక పేరు ఎదురుగా 'బియ్యం లేవు, కట్టెలు ఇచ్చింది' అని ఉంది. ఇచ్చింది అని రాశారు, అంటే ఆడమనిషి. ఎవరో ఆమె! పేరు దగ్గర కాగితం తడిసి చెరిగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ పేరు కోసం అడుగుతూనే ఉన్నాను. మా నాయన కోల్ ఫిల్లర్, తట్టా చెమ్మాస్ (పార) పట్టి బొగ్గు నింపిన మనిషి. ఆయన్ని అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్ అంటూ తిరిగాను. ఆయన పోయాక అడగాలనిపించింది.

సమయం అయిపోయిందని చీటీ పంపారు. రెండు నిమిషాలు ఇవ్వండి.

మన పాత ఇంక్లైన్, ఏటవాలు దారిలో దిగే ఆ బాయి, మూతపడింది. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూమ్ గోడ ఒకటి నిలబడి ఉంది. సమ్మె మీటింగులు జరిగిన చింతచెట్టు మొద్దు ఉంది, గేటు మాత్రం లేదు. గేటు ఎక్కడుండేదో నాకొకచోట గుర్తు, ఇంకొకరికి ఇంకోచోట గుర్తు. రేపు ఆదివారం పొద్దున ఏడింటికి టేపు, కెమెరా, ఒక పెద్ద నోటుబుక్ తీసుకుని అక్కడికెళ్తున్నాను. ఏ వస్తువు కనిపించినా చేత్తో తీయకండి. ముందు ఫోటో, కొలత, ఆ తర్వాతే ముట్టుకోవడం.

మూడో వరసలో తెల్ల తువ్వాలు వేసుకున్న అన్నా, నువ్వు ఆ బాయిలో సర్దార్‌గా చేశావు కదా. గేటు ఎక్కడుండేదో నువ్వు చూపిస్తావా? నడవలేనంటే ఇంటికి ఆటో పంపిస్తాను.