ఫాల్గుణంలో కొల్లేటి గట్టు మీద

శ్రోతలకు నమస్కారం.

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి కొల్లేరులో నీరు ఒడ్డు వదిలి లోపలికి జరుగుతుంది. అయ్యో, సరస్సు ఎండిపోతోందే అనుకుంటాం గానీ, పిట్టలకు విస్తళ్ళు వేసే కాలం ఇదే. లోతు తగ్గేకొద్దీ చేపలూ నత్తలూ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి. వాటి వెనకాలే కొంగలు దిగుతాయి.

కైకలూరు పక్కన ఆటపాకకు పొద్దు పొడిచేసరికి చేరుకోండి. ఎండ ముదిరాక వెళితే కనిపించేది నీళ్ళ తళుకే. సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకుని నడవండి. ఎర్రకాళ్ళ కొంగ కనబడితే కాసేపు ఆగండి. పసుపుపచ్చని ముక్కు సగం తెరిచి బురదనీటిలో ముంచుతుంది, కాలితో అడుగున కెలుకుతుంది. బెదిరిన చేప ముక్కుకు తగిలిందా, టక్కున మూసేస్తుంది. కంటితో పనే లేదు. నీళ్ళెంత మురికిగా ఉన్నా దానికి లెక్కలేదు, లోతు పెరిగితేనే ఆకలి. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్య సందు కూడా గమనించండి. పిల్లలకు ఉండదు, ఎదిగాకే వస్తుంది.

గూడబాతుల, అంటే పెలికాన్ల, గూళ్ళు చెట్ల మీదా, అటవీశాఖవారు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప మంచెల మీదా ఉంటాయి. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి దూర్చేసి మేత తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లే పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు!

దారి పొడవునా చేపల చెరువులు కూడా చూస్తారు. నిండా నీళ్ళు, అయినా కొంగలు తక్కువ. నిటారు గట్లు, కాలు ఆనని లోతు మరి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అయిదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పుడు బతుకుతెరువు పోయినవారి బాధ చిన్నది కాదు, దానికి వేరే ప్రసంగమే కావాలి. కొంగ వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క ఒకటే: నీరుంటే సరిపోదు, నిలబడేంత లోతులోనే ఉండాలి.

పిట్టలన్నీ ఒక్కసారి లేస్తే ఫొటో బాగుంటుందని కొందరు చప్పట్లు కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. గూడు వదిలి తల్లి లేస్తే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. ఇక సూదితోక బాతుల్ని చూడాలనుకుంటే ఉగాది దాకా ఆగకండి. అప్పటికి చాలావరకు ఉత్తర దేశాలకు ప్రయాణం కట్టేస్తాయి.